ఏడు గుంటల రేకు

నేను ఒక ఇడ్లీ రేకును. సత్తు రేకును. ఇళ్లల్లో కనిపించే నాలుగు గుంటల బాపతు కాదు. ఏడు గుంటలు నావి. సామాన్లు తయారుచేసే చిన్న షెడ్డులో ఒక ముసలి మేస్త్రీ నన్ను అచ్చులో నొక్కి, ప్రతి గుంటకూ ఆవిరి పోయేందుకు మూడేసి చిల్లులు పొడిచాడు. ఒక గుంటకు మాత్రం నాలుగు పడ్డాయి. అది పొరపాటో, నా మీద అభిమానమో ఇప్పటికీ తెలియదు.

విశాఖపట్నంలో ఒక బస్సు డిపో గేటు పక్కన టిఫిను బండి ఉండేది. పదేళ్లు అక్కడ ఆవిరిలో ఉడికాను. ఇడ్లీ బాగుంటే చట్నీని మెచ్చుకునేవారు, గట్టిపడితే నన్ను తిట్టేవారు. మనుషుల లెక్క అలాగే ఉంటుంది. బండి యజమాని స్టీలు పెట్టె కొనుక్కున్నాక నన్ను రోజూ వచ్చే కండక్టరు వరహాలమ్మ చేతిలో పెట్టి, "వడియాలు ఎండెట్టుకోడానికి పనికొత్తాది, అట్టుకుపో అక్కా" అన్నాడు.

వరహాలమ్మ ఒంటరి మనిషి. యాభై రెండేళ్లు. లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తు. ఆమెకు తోడు రైటు. రైటు అంటే కుక్క. డిపోలో ఆగిన బస్సు కింద దొరికిన గోధుమరంగు పిల్ల. ఆమె "రైట్ రైట్" అని కేకేస్తే తననే పిలిచిందనుకుని తోకూపుతూ బయటికి వచ్చిందట. అప్పటినుంచీ డ్యూటీ దిగగానే ఇద్దరూ సముద్రపొడ్డున గంటన్నర నడిచేవారు. చినుకు పడ్డా మానింది లేదు.

ఒకరోజు బస్సు మెట్టు దిగుతూ ఆమె జారిపడింది. చీలమండ విరిగింది. పిండికట్టు కట్టి, మూడు నెలలు మెట్లు దిగవద్దన్నారు. వాచ్‌మన్ భార్య పూటకోసారి రైటును కిందికి తీసుకెళ్లి, దాని పని కాగానే పైకి తెచ్చేది. అంతకుమించి ఆమెకు తీరిక లేదు.

నాలుగో రోజుకే కుక్క మారిపోయింది. తలగడ చీల్చింది, చెప్పులు నమిలింది. తర్వాత తలుపు దగ్గర నిలబడి మొరగడం మొదలుపెట్టింది. పొద్దున్నే మొదలైతే మధ్యాహ్నం దాకా ఆగదు.

కింది వాటాలో పోలారావు ఉంటాడు. పోర్టులో క్రేను నడుపుతాడు, ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పైగా మేడకు సెక్రటరీ. ఎర్రబడిన కళ్లతో పైకి వచ్చాడు.

"తప్పుగా అనుకోకండి వరహాలమ్మగారూ. రాత్రల్లా క్రేను మీద కూకుని వత్తాను. కునుకు లేకపోతే అక్కడ మడుసుల ప్రాణాలకే ముప్పు. వచ్చే ఆదివారం నాటికి దాన్ని ఎక్కడికైనా పంపీండి."

అతనిదీ న్యాయమే. అందుకే ఆమె జీడితోట ఉన్న మరిది సత్తిబాబుకు ఫోను చేసి, ఆదివారం ఆటో తీసుకురమ్మంది. ఫోను పెట్టేశాక చాలాసేపు కుక్క చెవులు నిమురుతూ కూర్చుంది.

మర్నాడు అటుకుల వడియాలు పెట్టిన నన్ను ఆమె కడగకుండా నేల మీద వదిలేసింది. రైటు వచ్చి నా గుంటలు నాకసాగింది. అడుగున అంటుకున్న పిండి కోసం ముక్కు దూర్చి, నాలుక మెలితిప్పి, కాలితో నన్ను తొక్కిపట్టి పావుగంట పనిచేసింది. ఆ పావుగంటా ఇంట్లో చప్పుడు లేదు. తర్వాత అది ఒళ్లు విరుచుకుని, పడుకుని నిద్రపోయింది.

వరహాలమ్మ నన్నూ కుక్కనూ మార్చిమార్చి చూసింది.

"ఒరే, నీకు కావలసింది రోడ్డు కాదేటిరా? పనా?" అంది.

ఆ సాయంత్రమే పాత ఖాకీ చొక్కా చింపి పిడికిలంత ఉండలు చుట్టింది. నా గుంటల్లో మూడింటిలో ఉడికించిన గుడ్డు ముక్కలు వేసి, ఏడింటి మీదా ఉండలు పెట్టింది. ఏవి ఖాళీయో, ఏవి నిండుగా ఉన్నాయో ముక్కుతోనే తేల్చుకోవాలి. రైటు మొదట నన్ను తిరగేసి అన్నీ ఒకేసారి దొంగిలించింది. ఆమె నవ్వి, మర్నాడు నన్ను పీటకు తాడుతో కట్టింది. అది అర నిమిషంలో పని ముగిస్తే, ఆమె ముక్కల్ని పాత చీర ముడుల్లో దాచింది. అదీ నేర్చుకుంటే గదుల్లో దాచి "ఎతుకు" అంది.

కాళ్లకూ పని పెట్టింది. రెండు ఇటుకల మీద చేతికర్ర అడ్డంపెట్టి దూకించింది. కుర్చీల మధ్య మెలికలు తిప్పింది. విజిలు వేస్తే పోలారావుకు మెలకువ వస్తుందని, మంచం మీద కూర్చునే చెయ్యెత్తి ఆపడం, చెయ్యి ఊపి పరుగెత్తించడం నేర్పింది. వంటింటి నుంచి వీధి తలుపు దాకా రైటు బస్సులా వెళ్లేది, స్టాపులో ఆగేది. పగలంతా దానికి ఒళ్లెరగని నిద్ర. ఆమె ముఖంలో కూడా రంగు వచ్చింది.

ఆదివారం తలుపు తట్టింది పోలారావు. చేతిలో అరటిపళ్లు.

"నాలుగు రోజులై సప్పుడు లేదు. ముందే పంపీసినట్టున్నారు. నాకు నిద్ర పట్టింది గాని మనసు కుదుటపడలేదండి. మిమ్మల్ని ఒంటరిని సేసీసినాను."

"లోపలికి రండి," అంది ఆమె.

నా ముందు బోర్లా పడుకుని రైటు ఐదో ఉండను పళ్లతో సుతారంగా తీసి పక్కన పెడుతోంది. మనిషి వచ్చినా తల ఎత్తలేదు. పోలారావు అరటిపళ్లు పట్టుకునే అలా నిలబడిపోయాడు.

అంతలో సత్తిబాబు మెట్లెక్కి వచ్చాడు. "వదినా, ఆటో కిందుంది. కుక్కేదీ?"

వరహాలమ్మ నోరు తెరిచేలోగా పోలారావు అందుకున్నాడు. "పంపీమని సెప్పింది నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. ఆటోలో ఈ అరటిపళ్లు ఏసుకుని ఎల్లండి."

సత్తిబాబు వదిన వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అతనికి జవాబు దొరికింది. ఆటో అరటిపళ్లతోనే వెళ్లిపోయింది.

మరుసటి వారం పోలారావు పోర్టులో పారేసిన లావు తాడు ముక్క ఒకటి శుభ్రంగా ఉతికి తెచ్చాడు. ఒక కొస తను పట్టుకుని, రెండో కొస రైటుకు ఇచ్చాడు. టన్నుల బరువులు ఎత్తే మనిషి, గచ్చు మీద కూర్చుని కుక్కతో సమానంగా లాగాడు. రైటు నాలుగు కాళ్లూ తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజింది. పోలారావు బోర్లా పడ్డాడు. "ఓడిపోయినానండీ," అని ఆ గచ్చు మీదినుంచే ఒప్పుకున్నాడు.

వరహాలమ్మ కాలు బాగై డ్యూటీలో చేరింది. సముద్రపొడ్డు నడక మళ్లీ మొదలైంది. అయినా పొద్దున ఆమె బయలుదేరే ముందు నా గుంటలు నిండవలసిందే. మొన్న ఎవరో చుట్టాలు దిగి, ఇడ్లీలకు నన్ను ఒకసారి ఇమ్మని అడిగారు.

"ఇంకో రేకు తెత్తానుండండి," అంది వరహాలమ్మ. "ఇది మావోడిది. ఆడిని అడక్కుండా ఇవ్వలేను."

రైటు అప్పటికే నా అంచు మీద కాలు వేసి నిలబడింది.