వెనకబెంచీ

ఇంకా చావవేం, అనుకుంటూ ఆమె మైక్రోస్కోపులోకి వంగింది, మొన్నటి మందుకి సగం ఫ్లాస్కు ఖాళీ అయింది గానీ మిగిలినవి అడుగుకి అంటుకుని దర్జాగా రెండేసిగా చీలుతున్నాయి, అక్క ఊపిరితిత్తిలోంచి తీసిన క్యాన్సర్ కణాలు, అక్క పోయి ఏడాది దాటినా ఇవి పోలేదు, చివర్లో అక్క గొంతులో చెంచాడు నీళ్లు దిగలేదు, వీటికి మాత్రం వెచ్చటి పెట్టె, వేళకి తిండి, పెట్టేది కూడా తనే, పాముకి పాలు పోసినట్టు, పగ తీర్చుకోవడానికే ఈ ల్యాబు పట్టుకుని వేలాడుతోంది, ఆ మాట ప్రొఫెసరుతో అనలేదు, పరిశోధన అంది, మోతాదు నిదానంగా పెంచమ్మా అని ఆయనంటే బుద్ధిగా తలూపి, ఆయన అటు వెళ్లగానే రెట్టింపు పోసింది, చావండి అని.

అప్పట్లో అక్కకి మందు మొదలెట్టాక తీసిన మొదటి స్కాను చూసి డాక్టరు కూడా నవ్వాడు, కణితి కరిగిందమ్మా అన్నాడు, బావ వార్డంతా తిరిగి చెప్పుకున్నాడు, కరిగిన చోటే మళ్లీ మొలిచింది, ఈసారి అదే మందు దానికి మంచినీళ్లయింది, మందుకి లొంగనివి నాలుగు మొదటినుంచీ గుంపులో నక్కి ఉన్నాయి, లొంగేవాటిని మందు ఊడ్చేస్తే చోటూ తిండీ వాటికే దక్కాయి, ఈ ఫ్లాస్కులోనూ అదే కథ.

కసిగా బ్లీచ్ సీసా మూత తిప్పింది, ఒక్క గుక్క పోస్తే చాలు, కళ్లారా చూడొచ్చు, కానీ మనిషికి బ్లీచ్ ఎక్కించలేం కదా, రేపు ఇంకెవరి అక్కకో ఇదేం పనికొస్తుంది, చెయ్యి ఆగింది, సుద్దపొడి అంటిన వేళ్లతో టీ గ్లాసు పట్టుకుని అక్క ఒకసారి బళ్లో తన క్లాసు గురించి అన్న మాట గుర్తొచ్చింది, చిల్లర అల్లరి చేసేవాళ్లందర్నీ బయటికి గెంటేస్తే వెనకబెంచీ మొత్తం ఆ ఒక్క రౌడీదే అవుతుందే, వాళ్లని ఉండనీ, ఇరుక్కుని కూర్చుని వాళ్లే వాణ్ణి కాలు చాపనివ్వరు, అప్పుడు తను నవ్వేసి ఊరుకుంది, ఎంత పిచ్చిది తను, రెట్టింపు మోతాదుతో బెంచీ ఖాళీ చేసి అక్కని చంపినవాటికి చాప పరిచింది తనే.

సీసా మూత బిగించి, ఇంతవరకూ మందు తగలని అక్క కణాలు ఫ్రీజరులోంచి కొత్త ఫ్లాస్కులోకి తీసింది, మందు కొద్దిగా, గుంపు పెరగకుండా ఉండేటంత, లొంగేవి చావకుండా ఉండేటంతే పోసింది, ఇవీ అక్కని తిన్నవే, వీటిని బతికించాలి, పళ్లు కొరుక్కుంటూనే బతికించాలి, బతకండి, అంది వాటితో, కానీ ఆ నాలుగింటినీ కాలు చాపనివ్వకండి.