కుడిచెవి చిల్లు

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. అన్నం ముందు కూర్చున్న సత్యనారాయణ ఒక్కసారిగా పక్కకు ఒరిగి గోడ పట్టుకున్నాడు. బిలాస్‌పూర్ యార్డులో వ్యాగన్లు తగిలించే పాయింట్స్‌మన్ ఆయన.

“ఏటయిందండీ?” భార్య కనకం పరుగెత్తుకొచ్చింది.

కొడుకు రాకేష్ మాత్రం తండ్రి కళ్లనే చూశాడు. గుడ్లు వాటంతటవే గిర్రున తిరుగుతున్నాయి.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందీ అతనే. కుడిచెవి లోపల బ్యాలెన్సు చూసుకునే గొట్టం ఒకటుందట, దాని మీది ఎముకకు చిల్లు పడిందట. కీచుమనే శబ్దం తగిలితే ఆ గొట్టంలో నీరు కదులుతుంది. మనిషి నిలబడే ఉంటాడు, మెదడు మాత్రం పడిపోతున్నాననుకుంటుంది. ఇంజిన్ హారన్‌ది బొంగురు గొంతు కాబట్టి దానికేమీ కాదు.

“ఆఫీసులో సెప్పకురా,” అన్నాడు సత్యనారాయణ ఆటోలో. “రిటైరవడానికి ఎనిమిది నెల్లే. ఏ మూలో కూసోబెడతారు.”

“టెన్షన్ మత్ లో నాన్నా, ఎవులికీ సెప్పను.”

టెన్షనంతా రాకేష్‌దే. ఇరవై తొమ్మిదేళ్లొచ్చాయి, మూడు రైల్వే పరీక్షలూ పోయాయి. తండ్రి రిటైరైతే ఉంటున్న రైల్వే క్వార్టర్ కూడా పోతుంది. డ్యూటీలో ప్రాణం పోతే మాత్రం పిల్లల్లో ఒకరికి రైల్వేలో ఉద్యోగం. అమ్మ తన పేరే రాస్తుంది. చెల్లెలు స్వాతి లెక్కలో లేదు.

గోల్‌బజార్‌లో ఒక విజిల్ కొన్నాడు.

శనివారం మధ్యాహ్నం టిఫిన్ క్యారేజీ పట్టుకుని యార్డుకు వెళ్లాడు. బొగ్గు వ్యాగన్ మెట్టు మీద ఒంటిచేత్తో వేలాడుతూ, జెండా ఊపుతూ వస్తున్న సత్యనారాయణ కొడుకును చూసి నవ్వాడు. వ్యాగన్ పక్కకు రాగానే రాకేష్ బలమంతా పెట్టి ఊదాడు.

తండ్రి ముఖం మీద నవ్వు ఇంకా చెరగలేదు. చెయ్యి జారిపోయింది.

సత్యనారాయణ చావలేదు. రెండు కాళ్లూ పోయాయి.

పదిహేనో రోజున ఆఫీసు నుంచి భాస్కరరావు ఆసుపత్రికి కాగితాలు తెచ్చాడు. మనిషి ఇక పనికిరాడని తేలినా పిల్లలకు ఉద్యోగమే, తండ్రి ఎవరి పేరు చెబితే వాళ్లకు. రాకేష్ గబగబా మంచం దగ్గరికొచ్చాడు. వంగి తలగడ సర్దాడు.

“రాకేషే కదా సత్యనారాయణా? రాసేస్తున్నా.”

“స్వాతి.”

“నాన్నా! దానికేటి తెలుసు?”

సత్యనారాయణ కొడుకు మెడ పట్టి వాడి చెవిని తన నోటి దగ్గరికి లాక్కున్నాడు. “ఊదింది ఎవులో సూశాన్రా. పోలీసులకి సెప్పమంటావేటి?”

రాకేష్ మెడ విడిపించుకోబోయాడు.

“ఆడపిల్ల డ్యూటీకెళ్తాది భాస్కరరావుగారూ,” గొంతు పెంచాడు సత్యనారాయణ. “వీడు ఇంటికాడుంటాడు. నన్నెత్తాలి, కడగాలి. ఇంకో ఇరవయ్యేళ్లు బతుకుతానంటున్నారు డాక్టర్లు.”

“అచ్ఛా! కొడుకంటే ఇలాగుండాలి,” అని మెచ్చుకుంటూ భాస్కరరావు స్వాతి పేరు రాశాడు.

“బెడ్‌పాన్ తేరా,” అన్నాడు తండ్రి.