మోకాళ్ళ మీద ఉన్నప్పుడు

ఆమె ఉదయాన్నే మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసుకుంటుండగా భర్త వెనకనుంచి వీపు మీద తన్నాడు. మొహం వెళ్ళి మంచం ఇనుప పట్టెకి కొట్టుకుంది. ముందు పళ్ళు రెండు విరిగి నోట్లోనే ఉండిపోయాయి. పిలిస్తే పలకలేదన్నది అతని కోపం. అతను తాగేవాడు కాదు. తాగి ఉంటే చెప్పుకోడానికి ఒక సాకైనా ఉండేది. అడ్డం వచ్చిన తన తల్లిని కూడా గోడకేసి విసిరాడు. ముసలావిడ మణికట్టు పుటుక్కుమంది.

ఆ పూటే అత్తాకోడళ్ళిద్దరూ కట్టుబట్టలతో ఇల్లు వదిలారు. కోడలు పనిచేసే ఇస్త్రీ దుకాణం వెనక గదిలో చేరారు.

చిగుళ్ళు మానాయి గానీ ప్రార్థన మాత్రం పుండులా ఉండిపోయింది. మోకాళ్ళు వంచగానే ఇంకో తన్ను పడబోతున్నట్టు వీపు బిగుసుకుపోయేది. "తండ్రీ" అనబోతే నోట్లో నెత్తురు రుచి తగిలేది. ఆదివారం చర్చిలో అందరితోపాటు పెదవులు కదిపేది. లోపల మాత్రం వేరే మాటలు బుసలు కొట్టేవి.

ఒకనాడు పాస్టరమ్మ బట్టలివ్వడానికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ప్రార్థన సాగట్లేదు కదూ?"

"ఎవరు చెప్పారు మీకు?"

"చెప్పడమెందుకు? ఆమెన్ అందరికంటే ముందు నువ్వే అంటున్నావుగా."

ఆమె నవ్వలేదు. దుప్పటి మడత మీద ఇస్త్రీపెట్టె గట్టిగా నొక్కింది. "నోరు తెరిస్తే శాపనార్థాలే వస్తున్నాయి అమ్మగారూ. వాడి కాళ్ళు విరగాలి, లారీ కింద పడి నుజ్జయిపోవాలి. ఇవి దేవుడికి చెప్పే మాటలా?"

"మరి ఇంకెవరికి చెప్తావు? ఆయనకి తెలీదన్నట్టు మాటలకి నగిషీలు చెక్కుతూ కూర్చుంటే నీకే ఊపిరాడదు. ఉన్నదున్నట్టు కక్కెయ్. ఆయనేం కంగారుపడడు."

మర్నాటినుంచి ఆమె చొక్కాల మీద పెట్టె నడుపుతూనే దేవుడికి వినబడేలా భర్తని తిట్టింది. ఆ రోజు అడ్డుపడనందుకు దేవుణ్ణీ నిలదీసింది. అత్తగారు విననట్టే గుండీలు కుట్టుకుంటూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం అతను దుకాణంలోకి వచ్చాడు. ఆమె జుట్టు చేతికి చుట్టుకుని గుమ్మం వైపు ఈడ్చాడు. తల్లి అతని కాలు పట్టుకుంటే ఆవిడ మొహం మీద తన్నాడు. కోడలి చెయ్యి బల్ల మీద తడుముకుని, కాలుతున్న పెట్టెని అందుకుంది. అతని ముంజేతికి ఆనించింది. చర్మం చుయ్యిమంది. అతను కేకపెట్టి, జుట్టు వదిలి నేలమీద కూలబడ్డాడు.

పెట్టె అతని మొహానికి జానెడు దూరంలో ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుని "వద్దే, వద్దే" అంటున్నాడు. ఆమెకి ఆ మొహాన్ని కాల్చాలని ఉంది. జన్మలో దేన్నీ అంతగా కోరుకోలేదు.

"తండ్రీ, నా చెయ్యి పట్టుకో," అంది పైకే. "నావల్ల కావట్లేదు."

చెయ్యి కొంచెం కొంచెంగా వెనక్కొచ్చింది. ఆమె పెట్టెని బల్ల మీద నిలబెట్టేసరికి వీధిలోవాళ్ళు లోపలికొచ్చి అతన్ని ఒడిసిపట్టుకున్నారు.

కోర్టులో తల్లే కొడుకు మీద సాక్ష్యం చెప్పింది. అతనికి జైలు పడింది. దుకాణం గదికి తిరిగొచ్చాక ఆవిడ గోడకానుకుని కూర్చుని, "వాడికోసం ఒక్క మాట ప్రార్థన చెయ్యమ్మా. కన్నకడుపు, ఊరుకోదు," అంది.

"ఈరోజు కాదత్తయ్యా. నాకింకా వాడు చావాలనే ఉంది. ఆయన దగ్గర అబద్ధమాడలేను." ఆవిడ పక్కకి జరిగి, "మీరు చెయ్యండి. నేను పక్కన కూర్చుంటా," అంది.

అత్త ఏడుస్తూ కొడుకుకోసం ప్రార్థించింది. కోడలు ఒక్క మాటా కలపలేదు, లేచి వెళ్ళనూ లేదు. ఆవిడ ముగించాక తను మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం తన చెయ్యి అతని మొహానికి ఎంత దగ్గరగా వెళ్ళిందో, అప్పుడు తనని చూసి తనే ఎంత భయపడిందో చెప్పుకుంది. మాటలకోసం ఎక్కడా తడుముకోలేదు.