కడిగిన గోడ

ఎర్రరంగు డబ్బా పట్టుకొని ఇద్దరు మనుషులు వరస గదుల తలుపుల మీద అడ్డగీతలు గీసుకుంటూ వస్తున్నారు. తన గదికి అడ్డం నిలబడ్డ ముసలామెను, అందరూ పెద్దత్త అనే ఆమెను, ఒకడు భుజం పట్టి నెట్టేశాడు. ఆమె తాడు మీద ఆరేసిన దుప్పట్లను పట్టుకోబోయి వాటితో సహా బురదలో పడింది. తలుపు సందులోంచి ఇదంతా ఆమె కోడలు చూసింది. అరవబోయిన నోటిని చేత్తో గట్టిగా మూసుకుంది గాని బయటికి రాలేదు.

ఆ కోడలి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడుతుందని అందరూ ఉలుకమ్మ అంటారు. మఠం వెనక షెడ్డులో ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతకడం ఆ వరస గదులవాళ్ల పని. రాబడి మఠానిది, పగిలిన చేతులు వీళ్లవి. ఇప్పుడు మఠం పెద్దలు ప్రార్థన మందిరంతో సహా స్థలమంతా ఒక కాంట్రాక్టరుకు అమ్మడానికి బేరం కుదుర్చుకున్నారు. ఆ ఎర్రగీతలు అతని మనుషులు గీసినవే, కూల్చే గదులకు గుర్తులు. దేవుణ్ణి వేరే చోటికి మారుస్తారట. మనుషుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం షెడ్డులో అందరూ కూడారు. బాయిలర్ చూసే మనిషి, అక్కడ అందరికీ బావ, బల్ల మీదికెక్కాడు.

"మందిరం వెనక గోడ మీద ఎప్పటివో బొమ్మలున్నాయి. పాత కట్టడమని సర్కారు రక్షణ ఇచ్చిందనుకోండి, అమ్మడం ఎవడబ్బ తరమూ కాదు. అర్జీ పెడదాం."

"గోడకి రక్షణ ఇస్తారు, సరే. గోడ వెనకున్న మనకో?" అన్నాడు ఇస్త్రీ తాత.

"గోడంటూ నిలిస్తే కదా దాని వెనక మనం నిలిచేది!"

"రేపు ఆ ఆఫీసర్లే మన గదులు గోడ అందానికి అడ్డమని పీకిస్తే?"

"అప్పుడు వాళ్లతోనే తేల్చుకుందాం. ముందు ఈ గండం గడవనీ తాతా!"

తాత ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ భయంతో ఉన్నవాడికి గడ్డిపోచా ఆధారమే. అర్జీ వెళ్లింది. వెళ్లిన మర్నాడే కొళాయిల్లో నీళ్లు ఆగిపోయాయి. కాంట్రాక్టరు మనుషులు కర్రలు పట్టుకొని గదుల ముందు పచార్లు మొదలుపెట్టారు. పిల్లలు బయట ఆడుకోవడం మానేశారు.

అధికారులు గోడ చూడటానికి వస్తున్నారన్న కబురు వినగానే ఉలుకమ్మకు కొత్త భయం పట్టుకుంది.

"ఆ మసి చూశావా అత్తా? అంతా మన బాయిలర్ పొగే. గోడ పాడుచేసింది మీరేనని మన మీదికొస్తారు. కడిగేద్దాం."

"నిజమే. మసి పోతే బొమ్మలు కూడా బయటపడతాయి" అన్నాడు బావ.

ఇక చూడాలి! దూరపు బావి నుంచి నీళ్లు మోశారు. బట్టల సోడా కలిపారు. బ్రష్షులు పట్టి అందరూ కలిసి రుద్దారు. మసి వదిలింది, గోడ మల్లెపువ్వులా తెల్లబడింది. బొమ్మలు మాత్రం కనబడలేదు. ఇంకా లోపలున్నాయేమోనని మళ్లీ రుద్దారు.

విచారణ మందిరంలోనే జరిగింది. మఠం మేనేజరు, కాంట్రాక్టరు, పోలీసు ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి కూర్చున్నారు. సర్కారు పంపిన అధికారిణి మందిరం వెనక్కి వెళ్లి గోడ మీద చెయ్యి వేసి, వచ్చి కుర్చీలో కూలబడింది.

"మసి ఆ బొమ్మలనేమీ చెయ్యలేదు. సోడా తినేసింది. రక్షణ ఇవ్వడానికి ఇక ఏం మిగిలింది?"

మఠం మేనేజరు ముఖం వెలిగిపోయింది. "కాపాడండని అర్జీ పెట్టినవాళ్లే నాశనం చేశారు! ఇన్‌స్పెక్టరు గారూ, కేసు రాయండి."

కాంట్రాక్టరు చిరునవ్వుతో లేచాడు. "అందరి మీదా ఎందుకండీ? కడుగుదామన్న మాట మొదట ఎవరి నోట వచ్చిందో ఆ ఒక్కరి పేరు చెప్పండి చాలు. మిగతావాళ్లు గదులు ఖాళీ చెయ్యడానికి గడువిస్తాను."

మందిరం నిండా జనం, అందరి కళ్లూ నేల మీదే. ఎవరూ తన పేరు చెప్పకూడదని ఉలుకమ్మ మొక్కుకుంది. అవును, సిగ్గు లేకుండా మొక్కుకుంది. ఆ మొక్కులోనే ఆమెకొక సంగతి తట్టింది. ఈ రోజు ఒక పేరు అడిగినవాడు రేపు ఇంకో పేరు అడుగుతాడు. ఒక్కో పేరే ఇచ్చుకుంటూ పోతే చివరికి వరస గదులే మిగలవు.

పక్కన పెద్దత్త నేరం తన మీద వేసుకోవడానికి లేవబోతోంది. ఉలుకమ్మ ఆమెను కూర్చోబెట్టి తాను లేచింది. ముందున్న బల్ల పట్టుకుంది.

"ఆ మాట నాదే" అంది. గొంతు ఎవరికీ వినబడలేదు. మళ్లీ అంది. "కడుగుదామన్నది నేనే. ఏం మిగిలిందని అడిగారు కదమ్మా. మేం మిగిలాం. గడువు మాకొద్దు, మేం కదలం. మమ్మల్నేం చేస్తారో అది కూడా మీ కాగితంలో రాయండి."

అధికారిణి కలం కదల్లేదు. ఇన్‌స్పెక్టరు కదిలాడు. ఇద్దరు పోలీసులు ఉలుకమ్మను రెక్క పట్టుకొని బయటికి లాగి వ్యాన్లోకి తోశారు. చీకటి వ్యాన్లో ఒక్కతే కూలబడి మోకాళ్లలో తల పెట్టుకొని ఏడ్చింది. ఇక ఎవరూ రారనుకుంది.

బయట అరుపులు వినిపించాయి. మందిరం తలుపులు ధడేలుమన్నాయి. "మాట దానిదయితే చేతులు మావి! చూడండి, సోడాకి తోలూడిన చేతులు! అందరివీ రాసుకోండి!" అని బావ గొంతు. లాఠీ దెబ్బల చప్పుడు. అయినా అడుగుల చప్పుడు దగ్గరికే వస్తోంది.

వ్యాన్ తలుపు తెరుచుకుంది. పెద్దత్త ఒక కాలు మెట్టు మీద పెట్టి, కణత మీద నెత్తురు తుడుచుకుంటూ లోపలికి తొంగిచూసింది. ఆమె వెనక రోడ్డంతా జనం.

"భయమేస్తోందా కోడలా?"

"చచ్చేంత భయమేస్తోంది అత్తా."

"మాకూ అంతే. జరుగు."

ఉలుకమ్మ జరిగింది.