కిందినుంచి మూడో అంతస్తు

మూడో అంతస్తులో భర్త గది ఉండాల్సిన చోట పళ్ల డాక్టరు కుర్చీ ఉంది. అందులో ఎవరో ముసలాయన నోరు తెరుచుకుని పడుకున్నాడు.

షూఫెన్ వీపుమీది వెదురుబుట్టతో గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో కాగితం మళ్లీ చూసుకుంది. భవనం పేరు సరిపోయింది. మూడో అంతస్తు, ఏడో తలుపు. చోంగ్‌చింగ్‌లో కావడి మోసుకు బతికే ఆమె భర్త తాన్ యోంగ్‌ఫూ పంతొమ్మిదేళ్లుగా చెబుతున్న చిరునామా అదే.

"ఆ పేరుగలవాడు ఇక్కడ ఎప్పుడూ లేడే," అన్నాడు డాక్టరు.

రెండు నెలల పైనుంచి యోంగ్‌ఫూ ఫోనెత్తడం లేదు. ఆదివారానికొక మాట రికార్డు చేసి పంపుతాడు, అంతే. ఆడపంది ఈనలేక అవస్థ పడుతోంది, ఏం చేయమంటావని అడిగితే, 'ఇవాళ వాన పడింది, ఒంట్లో బాగుంది' అని వచ్చింది. అడిగినదానికి జవాబివ్వని మగాడి పక్కన ఇంకో ఆడది ఉండే ఉంటుంది. కాలేజీ సీటుకోసం కూతురు రాస్తున్న పెద్ద పరీక్ష నిన్న సాయంత్రంతో ముగిసింది. ఇవాళ తెల్లవారుతూనే షూఫెన్ రైలెక్కింది, కళ్లారా చూసి తేల్చుకుందామని.

ముసలాయన నోట్లో దూది తీసి అడిగాడు. "ఏ రోడ్డునుంచి లోపలికొచ్చావమ్మా?"

"బస్సు దిగిన రోడ్డే. రెండు వరసలు మెట్లెక్కా."

"ఏ కొండమీంచి దిగొచ్చావు తల్లీ! నువ్వు అడుగుపెట్టిందే తొమ్మిదో అంతస్తులో. ఇది పదకొండు. మా ఊళ్లో నదివైపునుంచి లెక్కపెడతారు. ఎనిమిది అంతస్తులు దిగు."

"పాపం, ఆవిడ్ని ఏడిపించకు తాతా. నోరు తెరు," అన్నాడు డాక్టరు.

షూఫెన్ దిగసాగింది. పొద్దున స్టేషన్ బయట ఒక భవనం కడుపులోంచి రైలు దూసుకెళితే ఆమె కెవ్వుమంది. తక్కినవాళ్లెవరూ తలైనా ఎత్తలేదు. వంతెన కింద వంతెన, దాని కింద మరో వంతెన. దారి అడిగితే చెవుల్లో తీగలు పెట్టుకున్న పిల్ల చేయి ఎటో ఊపి పోయింది. వందల భుజాలు తగిలాయి గానీ ఒక్క ముఖం ఆమెవైపు తిరగలేదు. ఈ ఊళ్లోనా ఆయన ఇన్నేళ్లు ఉన్నది?

దిగేకొద్దీ వెలుతురు తగ్గింది. మిరపకాయల నూనె వాసన, గోడల చెమ్మ. ఒక్కో మెట్టూ మధ్యలో అరిగి గుంటపడింది. మూడో అంతస్తులో ఏడో తలుపు తెరిచే ఉంది. కిటికీలోంచి నది కనిపిస్తుందనేవాడు యోంగ్‌ఫూ. కిటికీ నిండా వంతెన స్తంభం ఉంది.

లోపల ఒక బక్కమనిషి ముడుచుకు కూర్చుని భుజానికి మందు రాసుకుంటున్నాడు. ఆమెను చూసి చటుక్కున లేచాడు.

"ఛిన్ నువ్వేనా? ఆయనతో గదిలో ఉండే ఛిన్?"

అతను తలూపాడు. ఆమె కళ్లు అప్పటికే గదంతా వెతుకుతున్నాయి. ఆడచెప్పులు లేవు. దువ్వెనలో పొడుగు వెంట్రుక లేదు. రెండు మంచాలు, రెండు గిన్నెలు, మూల ఆనించిన రెండు కావళ్లు. షూఫెన్ ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది.

"ఎక్కడికెళ్లాడు మొనగాడు? రానీ, చెవి మెలేస్తా. నన్ను ఎంత ఏడిపించాడో! పొగబెట్టిన మాంసం తెచ్చా, ఇద్దరూ తిందురుగాని."

బుట్ట దించుతుంటే ఛిన్ చేయి వేయలేదు. రెండో మంచం మీద పరుపు చుట్టి తాడుతో కట్టి ఉండటం ఆమె అప్పుడు చూసింది.

"ఊరికి బయల్దేరాడా? నేనొస్తున్నానని తెలియక?"

ఛిన్ నేలమీద కూలబడ్డాడు.

"బయల్దేరాల్సింది నేను వదినా, రేపటి బస్సుకి. వాడు పోయి డెబ్బై రోజులైంది. కాలేయం చెడిపోయింది. ఆ పరుపు చుట్ట మధ్యలో వాడి బూడిద డబ్బా ఉంది, నీకివ్వడానికే. పిల్ల పరీక్ష అయ్యేదాకా ఊళ్లో తెలియకూడదని ఆసుపత్రిలో నాచేత ఒట్టేయించుకున్నాడు. పది ఆదివారాలకి పది మాటలు తన ఫోన్లో రికార్డు చేసి ఆ ఫోను నాకిచ్చాడు. పంపింది నేనే. ఎండ మాడ్చిన రోజున కూడా వాన పడిందని పంపా. నీ పంది సంగతి విని ఏం చేయాలో తోచక గోడకేసి చూస్తూ కూర్చున్నా. పదకొండోది ఇంకొకటుంది. నిజం చెప్పేస్తానని మొదలెట్టాడు. 'షూఫెన్' అని ఆగిపోయాడు. తర్వాత నిమిషమంతా ఊపిరే. అది నీది, నిన్న సాయంత్రమే పంపాల్సింది. పంపలేదు. రోజూ పనినుంచి రాగానే పెట్టుకుని వింటున్నా. గదిలో ఇంకో మనిషి ఊపిరి లేకపోతే నావల్ల కాలేదు, వదినా."