పక్కింటి పెసరపప్పు పొట్లాలు

జూన్ నెలలో ఎండ కాసిందంటే ఇంగ్లండులోని షెఫీల్డులో అందరూ కిటికీలు తీసిపెడతారు. మా పినతల్లి కూతురు కాంతం మాత్రం ఆ శుక్రవారం పొద్దున వంటింటి కిటికీ ధడాలున మూసేసింది. పక్కింటి నుంచి తడి ఆకులు ఉడుకుతున్న వాసన వస్తోంది.

"ఏం ఉడకేస్తోందో ఆ చైనా ముసలమ్మ! పామో, కప్పో. వీళ్ళు తినని జీవం ఉందా?" అంది, మనవరాలు రిషితకు జడ అల్లుతూ.

ఇలాంటి మాటలు మన ఇళ్ళల్లో రోజూ అనుకుంటూనే ఉంటాం. కోపంతోనూ కాదు, పగతోనూ కాదు, ఊసుపోక. కాంతం చెడ్డ మనిషా అంటే కానే కాదు. అమలాపురం నుంచి కూతురు నీలిమ దగ్గరికి వచ్చి ఆరేళ్ళయింది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు అన్నం తిన్నారా అని అడిగే మనిషి. అయితే జడ వేయించుకుంటున్న ఎనిమిదేళ్ళ పిల్లకు చెవులున్నాయని ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం టీచరు నీలిమకు ఫోన్ చేసింది. పక్కింటి మేయ్, రిషిత ఒకే క్లాసు. లంచ్ దగ్గర రిషిత అందరిముందూ, "మేయ్ వాళ్ళ గ్రాన్ ఇవాళ పాముల్ని వండుతోంది" అందట. పిల్లలంతా ముక్కులు మూసుకుని నవ్వారట. మేయ్ తినడం మానేసి ఏడ్చిందట.

ఆస్పత్రి డ్యూటీ నుంచి వస్తూనే నీలిమ కూతుర్ని నిలదీసింది. "ఎవరు చెప్పారే నీకు?"

"అమ్మమ్మ సెడ్ సో," అంది రిషిత, కళ్ళ నిండా నీళ్ళతో.

నీలిమ గరిటతో నిలబడ్డ తల్లి వైపు తిరిగింది.

"నేనీ దేశం వచ్చిన కొత్తలో మన పోపు వాసన భరించలేమని పై ఫ్లాట్ వాళ్ళు ఊరి కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశారు. ఫోన్లో ఎంత ఏడ్చానో గుర్తు లేదా అమ్మా?"

గుర్తుండకేం? ఆ రోజు వాళ్ళను తను తిట్టిన తిట్లతో సహా కాంతానికి గుర్తే.

మర్నాడు పొద్దున్నే తప్పు చెప్పుకోడానికి కూతుర్నీ మనవరాల్నీ వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. పెరట్లో బల్ల ముందు మేయ్ బామ్మ మిసెస్ చాన్ ఒక్కతే కూర్చుని ఉంది. నలభై ఏళ్ళు టేక్‌అవే హోటలు నడిపిన మనిషి, ఇంగ్లీషు బాగానే వచ్చు. కాంతానికి రాదు కనక నీలిమ అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేసి చెప్పింది. బల్ల మీద ఉడకబెట్టిన వెదురాకులు, జిగురు బియ్యం, నానిన పెసరపప్పు, దారాలు. ఓ గిన్నెలో పంది మాంసం. కాంతం చూపు దాని మీద పడి గబుక్కున వెనక్కి వచ్చింది.

"పెసరపప్పూ బియ్యమూనా! ఇది మన పులగమేనే నీలిమా! మా అత్తగారు ఆండాళమ్మ ఇలాగే పనసాకులు బుట్టల్లా కుట్టి, ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వేసేది. ఈనెపుల్ల వదులైతే పిండంతా నీళ్ళపాలు. నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసేది!"

నీలిమ చెప్పగానే మిసెస్ చాన్ పకపకా నవ్వింది. "మా అమ్మయితే చాప్‌స్టిక్‌తో కొట్టేది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు ఆకులు దొరక్క కాగితంలో చుట్టాను. మా ఆయన తిని, కాగితం బాగా ఉడికింది అన్నాడు."

నవ్వు ఆగాక తన కుడిచెయ్యి చూపించింది. చలికాలంలో మంచు మీద జారి మణికట్టు విరిగింది; ఆకు మడవగలదు, దారం బిగించలేదు. బిగించకపోతే పొట్లం నీళ్ళలో విచ్చిపోతుంది. ఆ పని ఇదివరకు భర్తది, ఆయన పోయాక మేయ్‌ది.

"నేను కడతానమ్మా, ఇలా ఇవ్వు," అని కాంతం చెయ్యి చాచింది.

"మీరు కట్టగలరు. కానీ ఈ పని మా తర్వాత మేయ్ చేతికి రావాలి కదా. అది నిన్నటి నుంచి మేడమీద గది దాటి రాలేదు. ఏటా ఈ పొట్లాలు కట్టే మా పండగే వద్దంటోంది."

కాంతం మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కింది. మూసిన తలుపు ముందు నిలబడి తెలుగులోనే చెప్పింది, రిషిత ఇంగ్లీషులో అందించింది.

"ఆ మాట రిషితది కాదమ్మా, నాది. చూడకుండా, అడక్కుండా అనేశాను. మీ బామ్మ చేస్తున్నది మేమూ తినేదే. నన్ను తిట్టుకో, పరవాలేదు. కిందికి మాత్రం రా తల్లీ."

"అండ్ అయామ్ సారీ టూ," అంది రిషిత, ఎవరూ చెప్పకుండానే.

లోపలి నుంచి మేయ్ గొంతు, "స్నేక్స్ అని ఆమె నిజంగానే అనుకుందా?"

"యెస్."

"దట్స్ సో సిల్లీ!"

తలుపు తెరుచుకుంది.

ఆ పూట దారం కొస పళ్ళతో పట్టుకుని మేయ్ పద్నాలుగు పొట్లాలు బిగించింది. కాంతం కట్టినది కుండలో పడగానే విచ్చుకుంటే పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. "నో నో, లైక్ దిస్, ఆంటీ," అని మేయ్ ఆమె వేళ్ళు పట్టుకుని మడత చూపించింది. మిసెస్ చాన్ ఆ చిన్న వేళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. సాయంత్రం మాంసం పెట్టని వేడివేడి పెసరపప్పు పొట్లం పంచదార అద్దుకుని తింటూ కాంతం ఇంకొకటి అడిగి వేయించుకుంది.

అమ్మలారా, పక్కింట్లో ఏం వండుతున్నారో తెలియకపోతే వెళ్ళి అడగండి, అడగడానికి మొహమాటమైతే ఊరుకోండి. తెలియనిదాన్ని తెలిసినట్టు పిల్లల ముందు మాత్రం అనకండి. మనం అని మరిచిపోయే మాటను వాళ్ళు బడికి మోసుకెళతారు.