కోల్డ్ వార్ఫ్ వాళ్ళ అసలు టేపులు

తాడును ఇనుప దిమ్మకు రెండు చుట్లు తిప్పి, మూడో చుట్టును అరచేత్తో బిగించి, లీలండ్ ప్రోవో చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఫెర్రీ రేవుకు ఆని నిలబడేటప్పుడు అడుగు నుంచి ఒక మూలుగు వస్తుంది. అది ఆగాకే గొలుసు తీయాలి. కెనడా తూర్పుతీరపు ఈ రేవులో ఇరవై రెండేళ్ళుగా అదే పని. డార్ట్‌మత్ నుంచి హాలిఫాక్స్‌కి పన్నెండు నిమిషాలు, తిరిగి పన్నెండు నిమిషాలు. తాడు వేయడం, గొలుసు తీయడం, దిగేవాళ్ళను దింపి ఎక్కేవాళ్ళను ఎక్కించడం, గొలుసు వేయడం, తాడు విప్పడం.

ఇవాళ మూలుగు ఎప్పుడు ఆగిందో అతనికి తెలియలేదు. జేబులో ఫోను వణుకుతోంది.

"ఏమయ్యా లీలండ్!" పైనుంచి కెప్టెన్ బూడ్రో మైకులో అరిచాడు. "గొలుసు తీస్తావా, లేక వీళ్ళందరికీ దుప్పట్లు పంచమంటావా?"

ముందు వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. లీలండ్ గొలుసు తీశాడు. నవంబరు పొగమంచులోకి జనం తలలు వంచుకుని నడిచిపోయారు. అతను పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఉప్పుగాలికి పగిలిన నల్లటి చేతుల మీద తెల్లటి గీతలు. యాభై మూడేళ్ళకే కనుబొమలు నెరిశాయి. రోజూ ఫెర్రీ ఎక్కేవాళ్ళలో సగంమందికి అతని ముఖం తెలుసు, పేరు తెలియదు. ఒకప్పుడు ఈ ఊరి ఉత్తరపు పేటలో ప్రతి కారులోనూ మోగిన పాటలకు దరువు కట్టింది ఈ చేతులేనని బూడ్రోకి కూడా తెలియదు.

ఫోను మళ్ళీ వణికింది. మార్షా. తీయకపోతే ఇంకా పదిసార్లు చేస్తుంది.

"మూడింటికి ఆపరేషన్," అంది ఆమె ఉపోద్ఘాతం లేకుండా. "నువ్వు రెండింటికల్లా అక్కడ ఉండాలి. నన్ను స్కూలు బస్సు డ్యూటీ నుంచి నాలుగింటిదాకా వదలరు. రుడెల్ ఒక్కడే ఉన్నాడు."

"వస్తాను."

"టేపులు తెమ్మన్నాడు. మొత్తం కాదులే, ఒక్కటైనా. చేత్తో పట్టుకుని చూస్తాట్ట. పిచ్చి వెధవ."

లీలండ్ ఫోనును రెండో చెవికి మార్చుకున్నాడు.

"వింటున్నావా?"

"వింటున్నా. పడవ కదులుతోంది, పెట్టేస్తున్నా."

పడవ కదలలేదు. ఇంకా మూడు నిమిషాలు టైముంది. అతను రెయిలింగు పట్టుకుని నీళ్ళవైపు చూశాడు. పొగమంచు వల్ల నీళ్ళు కనపడలేదు.  మూడేళ్ళుగా ఒక మాట దాచుకొస్తున్నాడు. ఇవాళ అది దాగదు.

*

కోల్డ్ వార్ఫ్ అనే పాటల బృందం అంటే ముగ్గురు. రుడెల్ క్రామ్వెల్, మార్షా టైన్స్, లీలండ్ ప్రోవో. తొంభై ఒకటిలో మొదలైంది. రుడెల్, మార్షా ర్యాప్ పాడేవాళ్ళు. లీలండ్ వాళ్ళ నాన్న చర్చి పాటల రికార్డుల్లోంచి చిన్నచిన్న ముక్కలు కోసి దరువులు అల్లేవాడు. రికార్డింగు అంతా లీలండ్ ఇంటి కింది గదిలో. గోడలకు అమ్మ పాత దుప్పట్లు కొట్టి, బట్టలుతికే యంత్రం ఆగేదాకా కాచుకుని, అప్పుడు మొదలుపెట్టేవాళ్ళు. పైనుంచి వేయించిన చేపల వాసన, అమ్మ అడుగుల చప్పుడు. మొదటి క్యాసెట్లో మూడో పాట చివర జాగ్రత్తగా వింటే, "భోజనానికి రండిరా" అని ఆమె కేక కూడా ఉంటుంది.

ఏ కంపెనీ చెంతా చేరలేదు వాళ్ళు. టొరాంటో నుంచి ఒకాయన వచ్చి, మీ యాస మార్చుకుంటే తీసుకుంటానన్నాడు. రుడెల్ ఆయన్ని మర్యాదగా తలుపుదాకా సాగనంపి, మెట్లమీద నిలబెట్టి, అదే యాసలో ఆయన టోపీ మీద ఆశువుగా పదహారు పంక్తులు వినిపించాడు. క్యాసెట్లు తామే కాపీలు తీసి, తామే అట్టలు మడిచి, మంగలి షాపుల్లో, మాంసం చుట్టిన డోనెయిర్ రొట్టెలమ్మే కొట్లలో పెట్టించారు. ఆరు క్యాసెట్లు, రెండు సీడీలు. రెండువేల నాలుగులో ఆగిపోయింది. గొడవలేమీ లేవు. మార్షాకి పిల్లలు, రుడెల్‌కి ఓడల మరమ్మతు యార్డులో పని, లీలండ్‌కి ఫెర్రీ.

ఊళ్ళో మిగిలిన కాపీలు కాపీలకు కాపీలు. వాటిలో రుడెల్ గొంతు దరువు కింద సగం మునిగి, చిమ్మెట రొదలో వినిపించినట్టుంటుంది. అసలు టేపులు వేరు. వాటిలో ప్రతి గొంతూ విడిగా, ఊపిరి పీల్చుకోవడంతో సహా, పక్కన నిలబడి మాట్లాడినట్టుంటుంది. ముప్ఫై ఒక్క టేపులు, వీడియో క్యాసెట్లంత లావువి, అట్టపెట్టెలో.

మూడేళ్ళ కిందట లీలండ్ కింది గదిలోకి కొత్త ఫ్రీజరు తెచ్చాడు. చోటు చాలక ఆ పెట్టెను అరమీంచి దించి నేలమీద పెట్టాడు. రేపు పైకెక్కిద్దామనుకున్నాడు. నాలుగు నెలలు గడిచాయి. ఒక శనివారం రెండు డ్యూటీలు వరసగా చేసి ఇంటికొచ్చేసరికి బట్టల యంత్రం గొట్టం ఊడి, మోకాలి లోతు నీళ్ళు.

ఎవరికీ చెప్పలేదు. పెట్టెను వీధి అరుగుమీదికి తెచ్చి ఎండబెట్టే ధైర్యం కూడా చేయలేదు. ఎవరైనా చూస్తే? నీళ్ళు తోడేసి, తడి పెట్టెను నల్ల ప్లాస్టిక్ సంచీలో కట్టి, బాయిలరు వెనక్కి నెట్టి, దానిముందు పెయింటు డబ్బాలు పేర్చాడు. ఆ తర్వాత ఒక చిన్న రికార్డుల కంపెనీవాళ్ళు పాత పాటలన్నీ శుభ్రంచేసి మళ్ళీ వేస్తామని ఉత్తరం రాశారు. వెతకాలి, టైము లేదు, వచ్చేనెల అంటూ రెండేళ్ళు దాటేశాడు.

ఈ వేసవిలో రుడెల్ గొంతులో రాచపుండు బయటపడింది. వైద్యం పనిచేయలేదు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు, ఆ తర్వాత ఇక గొంతు పెగలదన్నారు. మార్షా అప్పటినుంచీ పోరుతోంది, ఆ గొంతు ఉండగానే ఏదో ఒకటి రికార్డు చేయించుకోరా అని. రుడెల్ ప్రతిసారీ ఒకటే జవాబు.

"ఈ కప్ప కూతలా? ఎందుకు? నా గొంతు లీలండ్ ఇంట్లో భద్రంగా ఉంది. నిగనిగలాడే వయసులో ఉంది. కెజియా బిడ్డకి అదే వినిపిస్తా."

కెజియా అతని కూతురు. కాల్గరీలో ఉంటుంది. జనవరిలో కాన్పు.

ఆ జవాబు విన్న ప్రతిసారీ లీలండ్ నోరు తెరిచేవాడు. తెరిచి, దగ్గి, మూసేవాడు. జులై పోయింది, ఆగస్టు పోయింది. వారంవారం ఆ గొంతు ఇంకాస్త గీసుకుపోవడం అతను చెవులారా విన్నాడు. దరువు కట్టినవాడి చెవులు కదా, తేడా వెంట్రుకవాసి కూడా తెలిసేది.

*

పన్నెండింటికి డ్యూటీ దిగి నేరుగా ఇంటికి వెళ్ళాడు. కోటు విప్పకుండానే కింది గదిలోకి దిగి, పెయింటు డబ్బాలు ఒక్కొక్కటే పక్కకు జరిపాడు. ఒకటి దొర్లిపోయింది. నల్ల సంచీ ముడి రాలేదు. కత్తితో కోశాడు.

ముందు వాసన వచ్చింది. పాతాళంలోంచి తవ్వి తీసినట్టు. అట్టపెట్టె అతని వేళ్ళ మధ్యే బురదలా విడిపోయింది. టేపుల కిటికీల వెనక తెల్లటి బూజు, గొర్రె ఉన్నిలా. రుడెల్ తన కోడికాళ్ళ అక్షరాలతో రాసిన పేర్లన్నీ నీలం మరకలయ్యాయి.

అన్నిటికన్నా పైనున్న టేపు కొంచెం పొడిగా ఉంది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి, అరమీది పాత రికార్డింగు మెషీన్లో పెట్టి, బటన్ మీద వేలు ఉంచి అలా నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ పెట్టె తెరవకపోవడానికి కారణం ఈ క్షణమే. తెరవనంతకాలం, లోపల ఏదో మిగిలి ఉండొచ్చు.

నొక్కాడు. గరగర. ఆపైన రుడెల్ గొంతు, ఇరవై ఆరేళ్ళ రుడెల్, చెవి పక్కన నిలబడి నవ్వుతూ, "లీలండ్, రెడీయా?"

వెంటనే అది సాగింది. మూలిగింది. లోతుగా, మనిషిది కాని గొంతుగా మారి, తెగిపోయింది. మెషీను లోపల టేపు నలిగే చప్పుడు. లాగి తీసేసరికి గోధుమరంగు పొట్టు అతని వేళ్ళకు అంటుకుంది.

 బేసినులో చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో, రెండుసార్లు. సొరుగులోంచి జేబులో పట్టే రికార్డరు తీసి, బ్యాటరీలు మార్చి, కోటు పైజేబులో పెట్టుకున్నాడు. ఏం చేయబోతున్నాడో అతనికే స్పష్టంగా లేదు. బస్సులో ఆసుపత్రిదాకా ఒక చెయ్యి ఆ జేబుమీదే ఉంది.

*

నాలుగో అంతస్తు. గది తలుపు సగం తెరిచి ఉంది. బయట నిలబడి లీలండ్ రికార్డరు బటన్ నొక్కాడు. ఇది దొంగతనమని తెలుసు. అడిగితే రుడెల్ ఒప్పుకోడనీ తెలుసు.

రుడెల్ మంచంమీద వెనక్కి జారగిలబడి ఉన్నాడు. యార్డులో ఇనుపరేకులు ఎత్తిన భుజాలు ఇప్పుడు ఆసుపత్రి గౌనులో కొయ్యకు తగిలించినట్టున్నాయి. మెడమీద ఎవరో ఊదారంగు సిరాతో అడ్డంగా గీత గీశారు. ఎక్కడ కోయాలో గుర్తు. లీలండ్ ఆ గీతవైపు చూడకూడదనుకున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

"తెచ్చావా?" గీరుకుపోయిన గుసగుస.

లీలండ్ కుర్చీ లాక్కున్నాడు. కూర్చోలేదు.

"లేవు."

"ఏంటి లేవు?"

"టేపులు. లేవు రుడెల్. నీళ్ళొచ్చాయి. మూడేళ్ళయింది. పెట్టె నేలమీద పెట్టింది నేనే. ఒక్కటీ మిగల్లేదు."

రుడెల్ కళ్ళు ఆర్పలేదు. కారిడార్లో ఎవరిదో బండి చక్రం కీచుమంటూ పోయింది. 

"మూడేళ్ళా," అన్నాడు రుడెల్. "వేసవిలో నేను నీ ముందు కూర్చుని, నా గొంతు నీ దగ్గరుందని ఎన్నిసార్లన్నాను?"

"చాలాసార్లు."

"అప్పుడేం చేస్తున్నావు? తల ఊపావు. డోనెయిర్ తింటూ తల ఊపావురా! జూన్‌లో చెప్పుంటే జూన్‌లో పాడేవాణ్ణి. జూన్‌లో ఇంకా గొంతుంది నాకు!" దగ్గు వచ్చింది. ఆగి, ఊపిరి లాక్కుని, మళ్ళీ అందుకున్నాడు. "నీకు మొదట్నించీ అంతే. పిరికి గొడ్డువి. మార్షా చరణం బాగోలేదని మార్షాకి చెప్పలేవు. నీ పెళ్ళానికి ఏదీ చెప్పలేకే ఆవిడ నిన్ను వదిలేసి పోయింది. పడవకి తాడు కట్టమంటే కడతావు, విప్పమంటే విప్పుతావు. నోరుమాత్రం విప్పవు. పదమూడేళ్ళ పాటలు నీ చేతిలో పెట్టానురా. నేలమీద పెడతావా? నేలమీద?"

లీలండ్ నిలబడి అంతా విన్నాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడు, ఏ మాటమీద బరువు వేస్తున్నాడు, అన్నీ విన్నాడు. తిట్టేటప్పుడు కూడా ఆ మనిషి తాళం తప్పలేదు.

రుడెల్ చూపు అతని జేబుమీద ఆగింది. బట్టలోంచి చిన్న ఎర్రటి వెలుగు.

"ఏంటది?"

"రికార్డరు."

"తిరుగుతోందా?"

"తలుపు దగ్గర్నించీ."

రుడెల్ నోరు తెరిచాడు. ఏదో అనబోయి, నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. "దొంగ వెధవా," అన్నాడు. "నా మనవడు తాత గొంతని వినేది ఇదా? నీ పెళ్ళాం సంగతి?"

"నువ్వు వేరే ఏదైనా చెప్తే అది వింటాడు."

గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. రుడెల్ చెయ్యి చాపాడు. లీలండ్ రికార్డరు తీసి అతని గుండెమీద పెట్టాడు.

"భయంగా ఉందిరా," అన్నాడు రుడెల్ చాలా మెల్లగా. "మెలకువ వచ్చి అరవబోతాను. ఏమీ రాదు. ఆ కల రోజూ వస్తోంది."

లీలండ్‌ మంచం ఇనుపకడ్డీ మీద వేళ్ళతో మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. అతనికి చేతనైంది అదొక్కటే. నాలుగు దెబ్బలు, ఒక ఖాళీ. రుడెల్ కళ్ళు మూసుకుని రెండు చుట్లు వదిలేశాడు. మూడోదాంట్లో అందుకున్నాడు. ఇది ఏ టేపులోనూ లేనిది.

"అమ్మమ్మ పొయ్యి పక్కన మొదటి పీట నాది
పాకం కారే రొట్టెలో మొదటి ముక్క నాది
మంచుగాలి తలుపు తడితే భయమేసి ఏడిస్తే
ఒళ్ళోకి లాక్కుని ఆవిడ చెవిలో అన్నది..."

తలుపు తెరుచుకుంది. నర్సు, ఆమె వెనక ఆకుపచ్చ బట్టల్లో ఇద్దరు. "మిస్టర్ క్రామ్వెల్, ముందుగానే పిలిచారండీ. వెళ్దామా?"

రుడెల్ తల ఊపి, రికార్డరును లీలండ్ చేతిలో పెట్టాడు. "మిగిలింది వచ్చాక చెప్తా," అన్నాడు.

అన్నాక అతనికి తెలిసింది. లీలండ్‌కీ తెలిసింది. నర్సు తల వంచుకుని మంచం చక్రాల బ్రేకు తీసింది.

"నిన్ను క్షమించలేదు," అన్నాడు రుడెల్ తలుపు దాటుతుండగా. "అది గుర్తుంచుకో."

*

మార్షా నాలుగున్నరకి వచ్చింది, బస్సు డ్రైవరు పసుపు కోటుతోనే. లీలండ్ అంతా చెప్పాడు, ఈసారి అడగకముందే. ఆమె కారిడార్ చివరిదాకా నడిచి, కిటికీలోంచి పొగమంచును చూసి, తిరిగొచ్చి అతని భుజంమీద గట్టిగా ఒక గుద్దు గుద్దింది. తర్వాత పక్కన కూర్చుంది.

"వినిపించు."

అతనికి నొక్కే ధైర్యం లేదు. జేబు గుడ్డ రాసుకున్న చప్పుడు తప్ప ఏమీ పడలేదేమో. మార్షాయే నొక్కింది. ముందు బట్ట రాపిడి. తర్వాత, గీరుకుపోయినా స్పష్టంగా, "తెచ్చావా?"

ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి విన్నారు. "అన్నది" దగ్గర తలుపు చప్పుడు వచ్చాక మార్షా అడిగింది, "ఏమంది అమ్మమ్మ?"

"తెలీదు."

ఆరున్నరకి డాక్టరు వచ్చింది. పుండు మొత్తం తీసేశామంది. ప్రాణానికి ఢోకా లేదని, ఈ రాత్రికి వేరే వార్డులో నిద్రలోనే ఉంచుతామని, రేపు చూడొచ్చని చెప్పింది. మార్షా గోడకు చేరగిలబడి ముఖం కప్పుకుంది.

లీలండ్ రుడెల్ కోటు, బూట్లు తేవడానికి గదికి వెళ్ళాడు. మంచం ఉన్నచోట నేల ఖాళీగా, నాలుగు చక్రాల గుర్తులతో ఉంది. కిటికీ దగ్గర బల్లమీద ఇకనుంచి మాటలు రాసి చూపించడానికని పొద్దున ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన చిన్న తెల్లపలక ఉంది. పై ప్లాస్టిక్ పొర కూడా ఒలవలేదు, పక్కనే దారంతో కట్టిన నల్లపెన్ను, మూత తీయనిది.